పద్దు నుంచి ప్రసూతి గది దాకా: స్థానిక సంస్థ ఖర్చు తల్లులకి అందిందో లేదో తేల్చుకునే పద్ధతి

"మా కౌన్సిల్ ఆరోగ్యానికి ఖర్చు పెంచింది కదా, మరి మాతృ మరణాలు తగ్గాయా?" అని అడిగేవాళ్ళు చాలామంది ముందు చేసే పని ఒకటుంది. ఎక్సెల్ తెరిచి ఒక కాలమ్‌లో ఏటా పెట్టిన ఖర్చు, పక్క కాలమ్‌లో ఆ ఏటి మరణాలు వేసి గ్రాఫ్ గీస్తారు. గీత కిందికి వాలితే సంబరం, పైకి లేస్తే టెన్షన్. నన్నడిగితే ఆ సంబరానికీ ఆ టెన్షన్‌కీ రెంటికీ ఆధారం లేదు.

నేను లెక్కల మనిషిని. స్థానిక సంస్థల పద్దులు ఆడిట్ చేస్తూ ఉద్యోగం చేశాను. తర్వాత డాక్టర్లు మాతృ మరణాలని ఒక్కొక్కటిగా సమీక్షించే చోట, ఖాతాలు చదవగలిగిన మనిషి ఒకరుంటే బాగుంటుందని నన్ను కూర్చోబెట్టారు. అక్కడ నాకు అర్థమైంది ఏంటంటే, డాక్టర్లకి పద్దులంటే విసుగు, ఆడిటర్లకి కేస్ షీట్లంటే భయం. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప పై ప్రశ్నకి జవాబు రాదు. చదవడం కూడా బడ్జెట్ దగ్గర మొదలుపెట్టకండి. చనిపోయిన తల్లి ఆఖరి గంటల దగ్గర మొదలుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి పద్దు దాకా రండి.

మరణాల సంఖ్యతో జాగ్రత్త

గర్భంతో ఉండగా గానీ, గర్భం ముగిసిన 42 రోజుల్లోపు గానీ, గర్భం వల్లో దానికి చేసిన వైద్యం వల్లో స్త్రీ చనిపోతే అది మాతృ మరణం. రోడ్డు ప్రమాదం లాంటివి ఇందులోకి రావు. లక్ష సజీవ జననాలకి ఇలాంటి మరణాలు ఎన్నో చెప్పేదే ఎం.ఎం.ఆర్., అంటే మాతృ మరణాల నిష్పత్తి. ఐక్యరాజ్య సమితి సంస్థల అంచనా ప్రకారం 2023లో ప్రపంచం మొత్తానికి ఇది 197, అంటే సుమారు 2,60,000 మంది. 2030కి దీన్ని 70 కంటే తక్కువకి తేవాలన్నది లక్ష్యం.

లక్షకి ఇన్ని అనే కొలత దేశాలకి సరిపోతుంది. ఏడాదికి 3,000 కాన్పులు జరిగే చోటుకి సరిపోదు. ఎందుకో లెక్క వేసి చూడండి. అక్కడి అసలు ప్రమాదం లక్షకి 100 అనుకుందాం. ఏడాదికి సగటున 3 మరణాలు వస్తాయి. కానీ ప్రతి ఏడూ సరిగ్గా 3 రావు. ఏ మార్పూ జరగకపోయినా, కేవలం యాదృచ్ఛికంగానే, సుమారు ఇరవై ఏళ్ళలో ఒక ఏడాది సున్నా వస్తుంది. పన్నెండేళ్ళకొకసారి 6 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తాయి. సున్నా వచ్చిన ఏడాది చైర్‌పర్సన్‌కి సన్మానం, ఆరు వచ్చిన ఏడాది మెడికల్ ఆఫీసర్‌కి మెమో. ఇద్దరూ చేసిందేమీ లేదు.

పోనీ 100 మరణాలు పోగయ్యేదాకా ఆగుదామా? ఈ చోటుకి 33 ఏళ్ళు పడుతుంది. అప్పుడు కూడా ఆ నూరుకి అటూ ఇటూ 20 తేడా యాదృచ్ఛికమే కావచ్చు. అందుకే ఒక్క మున్సిపాలిటీ, ఒక్క ఏడాది ఎం.ఎం.ఆర్. పక్కన ఖర్చు అంకె వేసి ఎవరైనా మీకు చూపిస్తే మర్యాదగా పక్కన పెట్టేయండి.

దాని బదులు ఏం లెక్కపెట్టాలి? ఎక్కువగా జరిగేవాటిని. చావు అంచుదాకా వెళ్ళి బతికిన కేసులు మరణాల కంటే చాలా ఎక్కువ ఉంటాయి: బాటిళ్ళ కొద్దీ రక్తం ఎక్కించాల్సి వచ్చినవి, గర్భసంచి తీసేయాల్సి వచ్చినవి, ఫిట్స్ వచ్చి ఐసీయూలో పడినవి. మృతశిశు జననాలు కూడా పనికొస్తాయి, ముఖ్యంగా నొప్పులు మొదలైన తర్వాత కడుపులో చనిపోయిన బిడ్డలు. తల్లికి అందని సాయమే చాలాసార్లు ఆ బిడ్డకీ అందలేదన్నమాట. నెలలు నిండేసరికి తీవ్ర రక్తహీనతతో ఉన్నవాళ్ళ శాతం, రిఫర్ రాసిన టైముకీ పెద్దాసుపత్రిలో చేర్చుకున్న టైముకీ మధ్య నిమిషాలు కూడా రాసుకోండి.

ఒక హెచ్చరిక. చావు అంచు కేసులు పెరిగితే పరిస్థితి దిగజారిందని వెంటనే రాయొద్దు. ఇంతకుముందు దారిలోనే ప్రాణం పోయేవాళ్ళు ఇప్పుడు బతికి ఆసుపత్రి చేరుతున్నారేమో. లేదా కొత్తగా వచ్చిన నర్సు రిజిస్టర్ సరిగా రాస్తోందేమో. మరణాలు తగ్గుతూ ఈ కేసులు పెరిగితే అది మంచి కబురే కావచ్చు.

ఇంకొకటి, చిరునామా. కాన్పు కష్టమైన మనిషి ఎక్కువగా చనిపోయేది పెద్దాసుపత్రిలో. ఆ మరణం పెద్దాసుపత్రి ఉన్న ఊరి లెక్కలో పడుతుంది. ఆమెకి నెలనెలా పరీక్షలు చేయాల్సిన, బండి పంపాల్సిన సంస్థ మాత్రం ఆమె ఉన్న ఊరిది. కాబట్టి ప్రతి మరణాన్నీ ఆమె గర్భంతో ఎక్కడ నివసించిందో ఆ చోటికి మార్చి రాసుకోండి. ఇది చేయకపోతే మంచి ఆసుపత్రి ఉన్న ప్రతి ఊరూ హంతకురాలిలా కనిపిస్తుంది.

పద్దులో ఏ అంకె?

ఒకే ఖర్చుకి నాలుగు అంకెలుంటాయి: బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, విడుదలైన మొత్తం, నిజంగా చెల్లించినది. వార్తల్లో వచ్చేది మొదటిది. మీకు కావాల్సింది నాలుగోది. వీలైతే ఐదోది కూడా: ఆ డబ్బుతో కొన్న వస్తువు ఏ రోజు ఏ గది చేరింది.

మొదటి దానికీ ఐదో దానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో చెప్పడానికి చాద్ దేశం ఉదాహరణ చాలు. అక్కడ ఆరోగ్య నిధుల జాడ తీసిన ఒక సర్వేలో, ఆరోగ్య మంత్రిత్వ శాఖ జీతాలు కాకుండా నిర్వహణకి పెట్టిన ఖర్చులో ఆరోగ్య కేంద్రాలకి అందింది 1 శాతం కూడా లేదని తేలింది. అలాంటి చోట కేటాయింపుని మరణాలతో పోలిస్తే మీకు కనబడేది కాగితానికీ ప్రాణానికీ మధ్య సంబంధం. అది ఉండదు. దాన్ని చూసి "డబ్బు పెట్టినా లాభం లేదు" అని తేల్చేవాళ్ళంటే నాకు చిరాకు. డబ్బు అక్కడిదాకా పోనే లేదు కదా.

చెల్లింపు తేదీలు కూడా చూడండి. ఆర్థిక సంవత్సరం చివరి నెలల్లో హడావిడిగా ఖర్చయిన మందుల డబ్బు ఆ ఏడు కాన్పులైన వాళ్ళకి ఉపయోగపడదు. నేనైతే ముందు నెలవారీ చెల్లింపులు తీసి చూస్తాను. ఏడాది మొత్తం ఎంతో తర్వాత.

భవనాలు, బండ్లు, యంత్రాలు ఒక వైపు రాయండి. వాటిని నడిపే ఖర్చు, అంటే డీజిల్, కరెంటు, రిపేర్లు, రాత్రి డ్యూటీ భత్యం, చేతి గ్లౌజులు రెండో వైపు. మొదటిదానికి ప్రారంభోత్సవం ఉంటుంది, రెండోదానికి ఉండదు. కోత పడేది ఎప్పుడూ రెండోదాని మీదే. ఆసుపత్రి ఖర్చు రెట్టింపైందని ఉన్న చోట ఈ రెండూ విడదీస్తే, నడిపే ఖర్చు ఒక్కో కాన్పుకి తగ్గి ఉండటం నేను చూశాను.

ఒక్కో కాన్పుకి అన్నాను చూడండి, అది ముఖ్యం. ప్రసూతి ఖర్చుని మొత్తం జనాభాతో భాగిస్తే వయసు మళ్ళినవాళ్ళు ఎక్కువ ఉన్న చోటుకీ, కొత్త జంటలు ఎక్కువ ఉన్న చోటుకీ పోలిక కుదరదు. కాన్పులతో భాగించండి. ధరల పెరుగుదల తీసేసి చూడండి. నర్సుల జీతాలు పై ప్రభుత్వం ఇస్తుంటే ఆ సంగతి రాసుకోండి, లేకపోతే సొంతంగా జీతాలిచ్చే సంస్థ పక్కన రెండోది పిసినారిలా కనిపిస్తుంది. పద్దు పేరుని నమ్మొద్దు. అంబులెన్స్ డీజిల్ 'సాధారణ పరిపాలన'లో ఉండొచ్చు, ఆసుపత్రికి నీటి ట్యాంకర్ ఇంజినీరింగ్ విభాగంలో ఉండొచ్చు, రోడ్డు గుంతలు పూడ్చిన బిల్లు మరెక్కడో.

వెనక్కి నడవడం

అసలు పని ఇక్కడుంది.

1994లో సెరీన్ థాడియస్, డెబొరా మేన్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రసూతి మరణాల్లో ఆలస్యాన్ని మూడుగా విడదీసి చూపించారు: వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక సరైన వైద్యం అందడంలో ఆలస్యం. స్థానిక సంస్థ పద్దులు చదివేవాళ్ళకి ఇంతకంటే పనికొచ్చే పనిముట్టు నాకు కనిపించలేదు. గడప గడపకీ తిరిగే ఆరోగ్య కార్యకర్త మొదటి ఆలస్యం మీద పనిచేస్తుంది. రోడ్డు, వంతెన, వీధి దీపం, బండి, డ్రైవర్ రెండోదాని మీద. రక్తం, కరెంటు, నీళ్ళు, మందులు, రాత్రి పూట ఉండే చేతులు మూడోదాని మీద.

ఒక్కో మరణానికి ఒక్కో కాగితం తీసుకోండి. మూడు నిలువు గళ్ళు గీయండి. మొదటి గడిలో గంటల వారీగా ఏం జరిగిందో రాయండి: ఎప్పుడు నొప్పులు, ఎప్పుడు రక్తం పోవడం మొదలైంది, ఎవరికి ఫోన్ చేశారు, ఎప్పుడు బయల్దేరారు, చేరాక మొదట ముట్టుకున్నది ఎవరు, ఎన్ని గంటలకి. రెండో గడిలో, ఆగిపోయిన ప్రతి చోటా, అక్కడ ఉండాల్సినది ఎవరి డబ్బుతో రావాలో రాయండి. మూడో గడిలో, సరిగ్గా ఆ తేదీకి ఆ పద్దు పరిస్థితి ఏంటో రాయండి. స్టాక్ రిజిస్టర్, బండి లాగ్‌బుక్, డ్యూటీ చార్టు, బిల్లుల రిజిస్టర్ తెప్పించుకోవాలి. ఈ మూడో గడి కోసమే ఆడిటర్ కావాలి. మామూలు సమీక్షలు రెండో గడి దగ్గరే ఆగిపోతాయి.

నేను చూసిన ఒక ఫైల్లో "వాహనం అందుబాటులో లేదు" అని ఒక్క ముక్క ఉంది. లాగ్‌బుక్ తెప్పిస్తే బండి షెడ్డులోనే ఉంది, టైర్లు అరిగిపోయి. టైర్ల బిల్లు మంజూరు కోసం ఒక టేబుల్ మీద ఆగి ఉంది. అదే ఏడాది ఇంకో కొత్త బండి కొనడానికి పెట్టిన సొమ్ము పైసా మిగలకుండా ఖర్చయింది. అంటే, గ్రాఫ్ గీసేవాళ్ళకి అది 'అత్యవసర రవాణా' ఖర్చు బాగా పెరిగిన సంవత్సరం.

నిమిషాల గురించి ఇంత పట్టు ఎందుకంటే, ఈ మరణాల కారణాలు అలాంటివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రచురించిన విశ్లేషణలో మాతృ మరణాల్లో సుమారు 27 శాతం రక్తస్రావం వల్ల, 14 శాతం బీపీ సంబంధమైన వాటి వల్ల, 11 శాతం ఇన్ఫెక్షన్ వల్ల అని తేలింది. కాన్పు తర్వాత విపరీతంగా రక్తం పోతుంటే దాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు మూడు గంటల్లోపు ఇవ్వాలి. ప్రతి 15 నిమిషాల ఆలస్యానికీ దాని ప్రయోజనం సుమారు 10 శాతం తగ్గుతుంది. ఆ 15 నిమిషాలు ఎక్కడ పోయాయో వెతకడమే మీ పని. గేటు తాళం దగ్గరా? స్ట్రెచర్ దగ్గరా? మందుల గది తాళంచెవి ఇంటికి తీసుకెళ్ళిన మనిషి దగ్గరా?

మూడో గడిలో చాలాసార్లు బయటపడేది చవక వస్తువే. రక్తస్రావం రాకుండా ఇచ్చే ఆక్సిటోసిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. స్టాక్ రిజిస్టర్లో మందు నిండుగా ఉంటుంది, కేస్ షీట్లో ఇచ్చినట్టూ ఉంటుంది, రక్తం మాత్రం ఆగదు. అప్పుడు ఫ్రిజ్ ఉష్ణోగ్రత చార్టూ, జనరేటర్ డీజిల్ బిల్లూ చూడాలి. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ముప్పుని మెగ్నీషియం సల్ఫేట్ సగానికి పైగా తగ్గిస్తుందని 33 దేశాల్లో 10,000 మందికి పైగా స్త్రీలతో జరిగి 2002లో వెలువడిన ప్రయోగం తేల్చింది. ఆ మందు ఖరీదైనది కాదు. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో ఇంకో ప్రయోగం చేశారు. పోయిన రక్తాన్ని కొలతలున్న ప్లాస్టిక్ సంచీలో పట్టి చూడటం, హద్దు దాటగానే చేయాల్సిన చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టడం. 2023లో ఫలితాలు వచ్చాయి: తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి చూస్తే 60 శాతం తగ్గుదల. ఏ బడ్జెట్ ప్రసంగంలోనూ ఒక కొలత సంచీకి ప్రత్యేకంగా పద్దు ఉండదు.

రెండు సంగతులు మర్చిపోకండి. ఒకటి, మరణాలు మాత్రమే చదివితే మోసపోతారు. ప్రతి మరణంలోనూ బండి ఆలస్యమైందని తేలొచ్చు. బతికినవాళ్ళకీ అంతే ఆలస్యమై ఉంటే తేడా చేసింది బండి కాదు, మరొకటి. అందుకే అదే సమస్య వచ్చి, అదే కాలంలో, అదే చుట్టుపక్కల నుంచి వచ్చి బతికిన వాళ్ళ కాగితాలు కూడా అన్నే తీయండి. ఇది చేసే సమీక్షలు అరుదు. మొత్తంలో నాకు ఎక్కువ నేర్పింది ఈ రెండో కట్టే. రెండు, అన్నిటికీ డబ్బే కారణమని రాయొద్దు. అరిచి వెనక్కి పంపిన నర్సు, భర్త వచ్చేదాకా ఆగమన్న ఇల్లు, ఎవరు ఉన్నా ఆగని కొన్ని వైద్య కారణాలు కూడా ఉంటాయి. అలాంటి వరుసల్లో 'డబ్బుది కాదు' అని రాయండి. ఆ మాట మీ కాగితంలో ఎక్కడా లేకపోతే ఎవరూ మిమ్మల్ని నమ్మరు.

పోల్చాలంటే

చాలా సంస్థల లెక్కలు చేతికొస్తే పోలిక కూడా చేయొచ్చు. అయితే ముందు ఒక చిక్కు ముడి విప్పాలి. మరణాలు ఎక్కువ ఉన్న చోటికే ప్రభుత్వాలు ఎక్కువ డబ్బు పంపుతాయి. కాబట్టి మామూలు గ్రాఫ్‌లో ఎక్కువ ఖర్చున్న చోట్లే ఎక్కువ మరణాలు కనిపించి, డబ్బే ప్రాణాలు తీస్తున్నట్టు ఉంటుంది. దీన్ని దాటాలంటే ఎవరి దగ్గర ఎంత ఉందని కాక, ఎవరి దగ్గర ఎంత మారిందని చూడాలి. కొత్త నిధులు వచ్చిన సంస్థలో ముందు, తర్వాత తేడా తీయండి. నిధులు రాని, మిగతా విషయాల్లో దాదాపు అలాంటిదే అయిన సంస్థలో అదే కాలపు తేడా తీయండి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేయండి. కాలవ్యవధి కూడా ఖర్చుని బట్టి మారుతుంది. మందుల డబ్బు ఫలితం నెలల్లో కనబడాలి, మిడ్‌వైఫ్‌ల (కాన్పులు చేసే ఆరోగ్య కార్యకర్తల) శిక్షణ ఖర్చుకి ఏళ్ళు పడుతుంది.

కాన్పు ఆసుపత్రిలో జరిగిందా అన్న ఒక్క అంకెనే ఫలితంగా తీసుకోకండి. భారతదేశంలో 2005లో మొదలైన జననీ సురక్షా యోజన ఆసుపత్రిలో కాన్పుకి నగదు ఇచ్చింది. ఆసుపత్రి కాన్పులు 2005–06లో 38.7 శాతం ఉంటే 2015–16కి 78.9 శాతానికి చేరాయి. ఇదే కాలంలో దేశంలో మాతృ మరణాలు తగ్గాయి, నిజమే. కానీ ఆసుపత్రి కాన్పులు ఎక్కడ ఎంత పెరిగాయో అక్కడ మరణాలు అంత తగ్గాయా అని తొమ్మిది రాష్ట్రాల్లో చూసినవాళ్ళకి ఆ లంకె కనబడలేదు. మొదటి రెండు ఆలస్యాలు తీరి, మూడోది అలాగే ఉంటే వచ్చే ఫలితం ఇదే. దీనికి ఎదురుగా శ్రీలంకని చూడండి. మాతాశిశు సేవలకి ఆ దేశ ప్రభుత్వం పెట్టింది జాతీయాదాయంలో అర శాతం కూడా కాదు. అయినా దశాబ్దాల పాటు గ్రామ గ్రామానికీ శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌నీ, ఆమె వెనక ఆసుపత్రినీ, ప్రతి మరణానికీ విచారణనీ వదలకుండా నిలబెట్టింది. మొత్తం ఎంతన్నదాని కంటే ఆ మొత్తం ఏటా ఆగకుండా వచ్చిందన్నదే అక్కడ నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

ఖర్చు ఎక్కడ పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారన్నది కూడా ఒక కాలమ్‌గా పెట్టుకోండి. బ్రెజిల్‌లో 1989లో పోర్టో అలెగ్రీ నగరం మొదలుపెట్టిన పద్ధతిలో పౌరులే కూర్చుని మున్సిపల్ బడ్జెట్‌లో కొంత భాగం ఎటు పోవాలో తేలుస్తారు. దాన్ని పాటించిన మున్సిపాలిటీలు పారిశుద్ధ్యం, ఆరోగ్యాలకి ఎక్కువ వాటా ఇచ్చాయనీ, అక్కడ శిశు మరణాలు తగ్గాయనీ పరిశోధనలు చెప్పాయి. శిశు మరణాలు, తల్లుల మరణాలు కావు. కారణం ముందే చెప్పాను: తల్లుల మరణాల సంఖ్య ఒక మున్సిపాలిటీ స్థాయిలో చాలా చిన్నది.

కౌన్సిల్‌కి ఇచ్చే కాగితం

ఒక పేజీ దాటనివ్వకండి. "ఆరోగ్య బడ్జెట్ పెంచాలి" అని అడగొద్దు. అడిగితే భవనం వస్తుంది. "రాత్రి డ్యూటీ భత్యం పద్దు కింద ఇంత, బండి రిపేర్లకి పై అనుమతి అక్కర్లేకుండా మెడికల్ ఆఫీసర్ స్థాయిలోనే ఇంతవరకు, ఫ్రిజ్‌కి బ్యాకప్" అని పద్దు పేరుతో అడగండి. ముసాయిదా బడ్జెట్ తయారయ్యే నెలలకి ముందే ఇవ్వాలి. ఓటింగ్ రోజున ఇచ్చే కాగితం ఫైలుకే.

ఆరు నెలల తర్వాత ఏం చూస్తారో కూడా అందులోనే రాయండి: బండి బయల్దేరడానికి పట్టిన నిమిషాలు, మందు నిండుకున్న రోజులు, బిల్లు పెట్టిన తేదీకీ చెల్లించిన తేదీకీ మధ్య రోజులు. మరణాలు ఇన్ని తగ్గుతాయని మాట ఇవ్వకండి.

ప్రతి వాక్యం పక్కనా మూల పత్రం గుర్తు ఉండాలి, స్టాక్ రిజిస్టర్ ఏ పేజీ, బిల్లుల రిజిస్టర్ ఏ వరుస అని. చనిపోయిన మనిషి పేరు, వయసు, ఊరు, తేదీ, ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సు పేరు మాత్రం పూర్తిగా తీసేయండి. చిన్న చోట ఒక్క తేదీ చాలు, ఎవరి గురించో పోల్చుకోవడానికి. నర్సు పేరు ఒకసారి బయటికొచ్చిందా, తర్వాతి కేసు నుంచి కేస్ షీట్లలో టైములు నిజం రాయడం ఆగిపోతుంది.